బిగువు

"పెద్దాయన రాలేదా ఈసారి?"
బ్యాంకు అమ్మాయి అడిగింది.
నవంబరు మూడో తారీకు.
ముందురోజే సమాధుల పండుగకి
నీ తలవైపు పదకొండు కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం నాన్నా,
మైనం ఇంకా నా గోళ్ళ కిందే ఉంది.

ఏటా ఈ నెలలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
"బతికే ఉన్నానని చెప్పి రావాలే" అంటూ
సైకిలెక్కి బ్రాడీపేట వెళ్ళేవాడివి.
అదొక పెద్ద హాస్యం నీకు.
చివరి మూడేళ్ళూ మిషనొచ్చింది, బొటనవేలు పెట్టమంది.
ఎన్నిసార్లు పెట్టినా ఎర్రలైటే.
పద్దెనిమిదేళ్ళు పట్టాళంలో తాళ్ళు లాగిన వేలు,
గీతలన్నీ తాడు తినేసింది.
"మా తాత అప్పుకాగితం మీద వేలిముద్రేసి ఎకరం పోగొట్టాడు.
నేను సంతకం నేర్చుకున్నా.
మళ్ళీ వేలే అడుగుతున్నారు చూడవే" అని నవ్వావు.

నీ గురించి రాసిమ్మన్నారు మాజీ సైనికుల సంఘం వాళ్ళు.
ఏ యుద్ధం, ఏ సెక్టారు, ఏ పతకం,
ఖాళీలు పూరిస్తే చాలట.
హవల్దార్ టి. ఇన్నయ్య అని రాసి ఆగిపోయాను.
యుద్ధం గురించి నువ్వెప్పుడు చెప్పావు గనక?
చలికి చీలిన పెదాల గురించి చెప్పావు.
ట్రంకుపెట్టెలో అమ్మ కారం మూట విచ్చుకుని
బ్యారక్ మొత్తం తుమ్మిన రాత్రి గురించి చెప్పావు.
ఏటి మీద రాత్రికి రాత్రి ఇనపవంతెన వేసి
తెల్లారి లారీలు దాటుతుంటే లెక్కపెట్టావట.
నలభై ఒకటి.
తిరిగొచ్చినవెన్ని అని ఫిలోమిన అడిగితే
లేచివెళ్ళి దండెం మీద బట్టలు తీశావు.
ఆ రోజు మబ్బైనా లేదు.

నాకు తెలిసింది వేరే.
రిటైరై వచ్చిన వారానికే
అమ్మ చేతిలోంచి దువ్వెన లాక్కున్నావు.
"తాడైనా జడైనా మూడు పాయలేగా."
ఇద్దరు పిల్లలకి నాలుగు జడలు, ఎర్ర రిబ్బన్లు,
ఆరూ నలభై కల్లా.
కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగువు.
"మీ అమ్మది గట్టి చెయ్యి" అని కాన్వెంటులో సిస్టరంటే
సిగ్గుపడి అవునన్నాం.
ఆ అబద్ధాన్ని రెండేళ్ళు మోశాం.

మూడొంతెనల కింద నీళ్ళు నిలిచిన వాన.
మా ఆటో సగం మునిగింది,
ఖాసిం హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎవరి కోసమో.
నువ్వొచ్చావు. నడుముకి తాడు,
రెండో కొస పైన రెయిలింగుకి.
ఏడుగురిని ఒక్కొక్కరినే మోశావు.
ఫిలోమినని ఆరోసారి, నన్ను ఏడోసారి.
"మన పిల్లలు ఆఖర్న రావాలి" అన్నావు.
ఆ మాటకి ఎన్నేళ్ళు కోపమో నీ మీద.
ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తర్వాత అమ్మకి కుడివైపు పడిపోయింది.
తొమ్మిదేళ్ళు
మిర్చియార్డులో రాత్రి కాపలా దిగొచ్చి
ఘాటు పోయేదాకా మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని
ఆవిడ వెనక పీట వేసుకునేవాడివి.
జుట్టు పలచబడింది, మూడు పాయలకి చాలేది కాదు.
అయినా మూడే.
ఏం మాట్లాడుకునేవారో నేనెప్పుడూ వినలేదు.
దువ్వెన చప్పుడొక్కటే.

డెత్ సర్టిఫికెట్ ఇచ్చాను.
ఇక మీదట ఏటా నవంబరులో
అమ్మ బతికున్నట్టు చూపించాలట.
ఎడమ బొటనవేలు పెట్టింది తెరేజమ్మ.
మొదటిసారికే పచ్చలైటు.
నువ్వుంటే ఉడుక్కునేవాడివి.

బయల్దేరేముందు జడ నేనే వేశాను.
మాటలు ముక్కలుగా వస్తాయిగా ఆవిడకి.
"వ... దులు" అంది.
విప్పి మళ్ళీ అల్లాను.
"వదులు."
మూడోసారి పీట తెచ్చుకుని
మోకాళ్ళ మధ్య ఆవిడ భుజాలు పట్టి
గట్టిగా లాగాను. గోళ్ళలో మైనం తలకి అంటింది.
ఆవిడ కళ్ళు కాస్త పైకి సాగాయి.
అప్పుడు, ఇక పోదామన్నట్టు,
చెప్పుల వైపు చూసింది.